పాత పెండ్లి క్యాసెట్లకు క్యాప్చర్ కార్డు కొనేముందు

క్యాప్చర్ కార్డు, అంటే బొమ్మను, శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం, ఏది మంచిదని అడిగినవాళ్లను నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ దగ్గరున్నది ఏ రకం క్యాసెట్? దాన్ని నడిపే మిషన్ వెనుక ఏ పిన్నులున్నాయి? ఈ రెండూ తెలిస్తే సగం కార్డులు వాటంతటవే పక్కకు పోతాయి.

మా బాపు నల్గొండలో వీడియోగ్రాఫర్. నకిరేకల్, కట్టంగూరు, మునుగోడు వైపు ఊళ్లల్లో ఆయన తీసిన పెండ్లిండ్లు మా బీరువాలో ఇంకా ఉన్నాయి. "మా అమ్మ బతికున్నప్పటి బొమ్మ ఏమన్న ఉందా బిడ్డా" అని ఆ ఇండ్లవాళ్లు వస్తుంటారు. వాటిని ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించేది నేనే. కాబట్టి నాకు కార్డు అంటే ముందు క్యాసెట్ సంగతే.

ముందు మినీ డీవీ గురించి చెప్పాలి. ఎందుకంటే డబ్బులు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే. పానాసోనిక్ ఎండీ 10000, సోనీ పీడీ 170 లాంటి కెమెరాలతో తీసిన చిన్న క్యాసెట్లు మీ దగ్గరుంటే అసలు క్యాప్చర్ కార్డే కొనకండి. ఆ టేపు మీద బొమ్మ ఇప్పటికే డిజిటల్‌గా ఉంది. పసుపు పిన్నులోంచి (మామూలు ఏవీ కేబుల్ తగిలేది) తీస్తే అది అనలాగ్‌గా మారి, మళ్లీ డిజిటల్ అవుతుంది. మధ్యలో ఊరికే చెడిపోతుంది. డిజిటల్ బొమ్మను నేరుగా పంపే ఫైర్‌వైర్ కేబుల్‌తో తీస్తే టేపు మీద ఉన్నది ఉన్నట్టు దిగుతుంది, గంటకు దాదాపు 13 జీబీ. డెస్క్‌టాప్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంటే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న ఫైర్‌వైర్ కార్డు చూసుకోండి. విండోస్ సరిగా గుర్తుపట్టకపోతే డివైస్ మేనేజర్‌లో 1394 ఓహెచ్‌సీఐ లెగసీ (ఫైర్‌వైర్ పాత) డ్రైవర్‌కు మార్చండి. ఒక చివర యూఎస్‌బీ, ఇంకో చివర ఫైర్‌వైర్ ఉన్న ఉత్త కేబుల్ ఒకటి అమ్ముతారు. దానితో ఈ పని కాదు, ఎవరు చెప్పినా కొనకండి.

ఇక పెద్ద క్యాసెట్లు, అంటే వీహెచ్‌ఎస్. పానాసోనిక్ ఎం 9000 భుజాన పెట్టుకుని తీసిన రోజులవి. మన దేశంలో ఇవి పాల్ అనే టీవీ పద్ధతిలో ఉంటాయి: సెకనుకు 25 ఫ్రేములు, కనిపించే గీతలు 576. ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా విడదీసి రెండు ఫీల్డులుగా రాస్తారు. అందుకే వీటికోసం కార్డు చూసేటప్పుడు డబ్బా మీద "4కే" అని ఉందా అని చూడాల్సిన పనిలేదు. 720 బై 576 బొమ్మను, సెకనుకు 25 ఫ్రేములతో, ఫీల్డులు కలపకుండా ఇస్తుందా అన్నదే చూడాలి. హాపాజ్ యూఎస్‌బీ లైవ్ 2 ఇస్తుంది, దొరికితే తీసుకోవచ్చు. ఎల్గాటో వీడియో క్యాప్చర్ వాడటం చాలా సులువు, కానీ బొమ్మను 640 బై 480కి కుదించేస్తుంది. వాట్సాప్‌లో పంపుకోవడానికి చాలు, దాచుకోవడానికి నేనైతే ఒప్పుకోను.

ఈజీక్యాప్ అనే చిన్న యూఎస్‌బీ ముక్క అందరికీ తెలిసిందే. దాని చిక్కు ఏమిటంటే, బయట ప్లాస్టిక్ ఒకటే అయినా లోపల చిప్ ఒక్కోదాంట్లో ఒక్కోటి: ఎస్‌టీకే 1160, యూటీవీ 007, సోమాజిక్, ఎంపియా. ఒకదాని డ్రైవర్ ఇంకోదానికి పనిచేయదు. పక్కింటివాళ్లది బాగా పనిచేసిందని మీరు అదే రంగు ముక్క కొంటే అదే చిప్ వస్తుందన్న నమ్మకం లేదు. అమ్మే మనిషి చిప్ పేరు, విండోస్ 11 డ్రైవర్ సంగతి చెప్పగలిగితేనే కొనండి.

ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా పెట్టి, దాన్ని హెచ్‌డీఎంఐ కార్డుకు తగిలించమని కొందరు చెబుతారు. నేను వద్దంటాను. ఆ డబ్బా రెండు ఫీల్డులనూ తనకు తోచినట్టు కలిపేసి, బొమ్మను సాగదీస్తుంది. చాలావాటిలో సెకనుకు 50 ఫీల్డులను 60కి మార్చడం వల్ల నడిచే మనుషులు జర్కులు కొడతారు. తర్వాత దాన్ని సరిచేయడానికి దారి లేదు.

హెచ్‌డీఎంఐ కార్డు కావలసింది డీఎస్‌ఎల్‌ఆర్‌తో పెండ్లి లైవ్ ఇచ్చేవాళ్లకు, గేమ్ రికార్డు చేసేవాళ్లకు. అక్కడ ఒక్క లెక్క గుర్తుంచుకోండి. 1080పీ బొమ్మను సెకనుకు 60 ఫ్రేములతో కుదించకుండా పంపాలంటే సెకనుకు సుమారు 250 మెగాబైట్లు కావాలి, అంటే 2 గిగాబిట్లు. యూఎస్‌బీ 2.0 దారి మొత్తం 480 మెగాబిట్లే. వెయ్యి లోపు దొరికే కార్డుల్లో చాలావరకు ఎంఎస్ 2109 అనే యూఎస్‌బీ 2.0 చిప్ ఉంటుంది. అందుకే అది బొమ్మను ఎంజేపెగ్‌గా పిండి పంపుతుంది. ప్లగ్గు లోపల నీలం రంగు వేసి అమ్మేవీ ఉన్నాయి, రంగు చూసి యూఎస్‌బీ 3 అనుకోవద్దు. ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో ఫార్మాట్ జాబితా తెరవండి. 1080పీ 60 దగ్గర ఎంజేపెగ్‌గా పిండని ఫార్మాట్లయిన వైయూవై2 గానీ ఎన్‌వీ12 గానీ కనిపించాలి. డిష్ బాక్సు తగిలిస్తే నల్లటి తెర వచ్చిందా? అది కాపీ చేయనివ్వకుండా పెట్టే హెచ్‌డీసీపీ తాళం, కార్డు తప్పు కాదు.

కార్డు నమ్మకమైనదా కాదా అన్నది తేలేది బొమ్మ నాణ్యతలో కాదు, మాట-బొమ్మ కలవడంలో. పాత టేపులో సిగ్నల్ వణుకుతుంది. వణికినప్పుడల్లా నాసిరకం కార్డు ఒక ఫ్రేము వదిలేస్తుంది, శబ్దం మాత్రం ఆగకుండా పోతూనే ఉంటుంది. ఒక ఫ్రేము అంటే 40 మిల్లీ సెకన్లు. 25 పోతే పూర్తి సెకను తేడా. మొదటి ఐదు నిమిషాల్లో ఇది కనిపించదు, అందుకే చాలామంది కార్డు బాగుందని అనుకుని రిటర్న్ గడువు దాటించుకుంటారు.

నేను చేసే పరీక్ష ఇది. చివర్లో బరాత్ ఉన్న క్యాసెట్ ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ఎక్కిస్తాను. తర్వాత బరాత్ దగ్గరికి పోయి డప్పు కొట్టేవాళ్ల చేతులు చూస్తాను. సిర్ర డప్పుకు తగలడమూ దెబ్బ వినపడటమూ ఒకేసారి జరగాలి. దెబ్బ తర్వాత శబ్దమో, శబ్దం తర్వాత దెబ్బో అయితే ఆ కార్డు వాపస్. మాటలు, పెదవులు చూస్తే అంత కచ్చితంగా తెలియదు, డప్పు మాత్రం దాచదు. పాత డీవీడీ రికార్డర్ ఇంట్లో ఉంటే వీసీఆర్‌కూ కార్డుకూ మధ్యలో పెట్టి చూడండి. కొన్ని మోడళ్లు సిగ్నల్‌ను నిలకడగా మార్చి పంపుతాయి, మామూలు కార్డు కూడా అప్పుడు ఫ్రేములు వదలదు.

ఈ పరీక్ష దుకాణంలో నిలబడి చేసేది కాదు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి, కానీ నల్గొండ నుంచి వంద కిలోమీటర్లు. మార్చుకోవడానికి ఇంకోసారి పోవడమంటే ఒక రోజు పోయినట్టే. అందుకే రిటర్న్ ఉన్నచోట కొని, గడువు లోపలే పూర్తి క్యాసెట్ ఎక్కించి చూడండి.

బిగించాక వచ్చే చిన్న చిన్న టెన్షన్లు ఇవి. బొమ్మ నలుపు తెలుపులో వచ్చినా, పైకి దొర్లినా సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) తీసేసి పాల్ బీ పెట్టండి. శబ్దం రాకపోతే విండోస్ ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్‌కు అనుమతి ఇవ్వండి, కార్డు ఆడియోను విండోస్ మైకుగానే చూస్తుంది. కార్డును హబ్‌కు కాక నేరుగా కంప్యూటర్ వెనుక పోర్టుకే పెట్టండి. కుదించకుండా రాస్తే గంటకు 75 జీబీ దాకా పోతుంది, హఫ్‌వైయూవీ లాంటి లాస్‌లెస్ కోడెక్ (నాణ్యత పోకుండా కుదించేది) పెడితే అందులో సగం దగ్గరికి వస్తుంది. ఫీల్డులు కలపడం చివర్లో, కాపీ మీద చేయండి, అసలు ఫైలు జోలికి పోకండి. మే నెలలో మన ఎండలకు ఆ చిన్న ముక్క చేయి కాలేంత వేడెక్కుతుంది. ఫ్యాను గాలి తగలనివ్వండి, కానీ క్యాసెట్లను కూలర్ ముందు పెట్టకండి, ఆ తేమకు బూజు పడుతుంది. క్యాసెట్ మీది చిన్న కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి మచ్చలు కనిపించిన క్యాసెట్‌ను వీసీఆర్‌లో వేయొద్దు. అది హెడ్‌ను పాడుచేసి, తర్వాత వేసే మంచి టేపుకూ అంటుకుంటుంది.

కొత్త కార్డును మొదట పోయినా ఫరవాలేదనుకునే క్యాసెట్‌తోనే చూడండి. ఒకే ఒక్క కాపీ ఉన్న పెండ్లిని ఆ పరీక్ష నెగ్గాకే వీసీఆర్‌లో వేయండి, ఫైలు రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కిందని తెరిచి చూసుకున్నాకే క్యాసెట్ వాళ్లకు తిరిగి ఇవ్వండి.