దసరాకి ముత్తాతగారి పిస్తోలు బయటికి తీసేవాళ్లకి

ఆయుధపూజ దగ్గరికొస్తోంది. మొన్న మా బంధువుల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ముత్తాతగారి జేబు పిస్తోలు, అరచేతిలో ఇమిడేంతది, పిల్లాడి చేతికిచ్చి "నొక్కు నాన్నా, ఏం కాదు" అంటున్నారు. కింద అందరూ దండాలు, చప్పట్లు. నాకు మాత్రం ఒళ్లు మండింది, ఎందుకంటే గొట్టానికి ఎదురుగా వాడి చెల్లెలు కూర్చుని ఉంది.

బీరువాలో పెట్టి తాళం వేయండి లాంటివి మీకు తెలిసినవే, వదిలేద్దాం. ఖాళీగా ఉందో లేదో చూడటానికి ట్రిగ్గర్ నొక్కకండి. పాతకాలం నాటిది, తుప్పు పట్టింది, లోపల ఏముంటుందిలే అనుకోవడమే కొంప ముంచేది. మూతివైపు నుంచి మందు కూరే పిస్తోలుని ఒకసారి నింపితే మళ్లీ ఖాళీ చేయడం పెద్ద పని, అందుకే కాల్చే అవసరం రాకపోతే అలాగే భోషాణంలో పడేసినవి ఉంటాయి. ఆనాటి తుపాకిమందు సురేకారం, బొగ్గు, గంధకం కలిపింది, పొడిగా ఉంటే వందేళ్లయినా అంటుకుంటుంది. తడిసి ఆరినదాన్ని కూడా నమ్మలేం.

హ్యామర్ (ట్రిగ్గర్ నొక్కితే వచ్చి కొట్టే చిన్న సుత్తి) కింద చిన్న మొన మీద చిలుము పట్టిన రాగి టోపీలాంటిది కనిపిస్తే అది క్యాప్. దెబ్బ తగిలితే పేలుతుంది. ఇక దేన్నీ ముట్టుకోకండి. ఇంకో మోసం ఉంది, కొన్ని జేబు పిస్తోళ్లకి ట్రిగ్గర్ మడిచి లోపలికి వెళ్లిపోయి ఉంటుంది, హ్యామర్ వెనక్కి లాగితేనే బయటికి దిగుతుంది. ట్రిగ్గరే లేదు, విరిగిపోయింది అనుకుని బొమ్మలా ఇచ్చేస్తారు.

చట్టం సంగతి. పాతది కాబట్టి లైసెన్స్ అక్కర్లేదనేది సగం నిజమే. 1959 ఆయుధాల చట్టం మినహాయింపు ఇచ్చేది రిపేరు చేసినా చేయకపోయినా కాల్చడానికి పనికిరాని పాత ఆయుధాలకే. మీది అలాంటిదో కాదో ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. 1898, అంతకుముందు తయారైనవి యాంటిక్ అనే లెక్క అమెరికా ఫెడరల్ చట్టంలోది, డాలస్‌లో ఉన్న బావమరిది చెప్పాడని ఇక్కడ నమ్ముకోకండి. వారసత్వంగా వచ్చినా సరే, 2019 సవరణ తర్వాత మామూలుగా ఒక్కరి దగ్గర రెండు తుపాకులకి మించి ఉండకూడదు. లైసెన్స్ ఉన్న పెద్దాయన పోతే ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించి, ఆ తర్వాతే మీ పేరున దరఖాస్తు.

ఇక వినండి. నొక్కి చూడకండి. గొట్టంలోకి కన్ను పెట్టి చూడకండి. నూనె పోస్తే మందు చచ్చిపోతుందనుకోకండి, చావదు. ఎండలో పెట్టకండి, స్టవ్ దగ్గర అసలే వద్దు. ఇనుపచువ్వతో పొడవకండి. తుప్పు వదిలించడానికి వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్లకండి. సంచిలో వేసుకుని స్టేషన్‌కి బయల్దేరకండి, ముందు ఫోన్ చేయండి, అనుమానముందని చెప్పండి, వాళ్లే వచ్చి చూస్తారు. వందేళ్లు దాటినదైతే సూట్‌కేసులో పెట్టి విదేశాలకి పంపకండి, 1972 పురావస్తువుల చట్టం అడ్డొస్తుంది. బొట్టు పెట్టాలంటే గోడవైపు తిప్పి ఉన్నదానికి, ఉన్నచోటే, పెద్దవాళ్లు మాత్రమే పెట్టండి. వీడియో కోసం చేతికి తీసుకోకండి. హ్యామర్ లాగకండి. ఖాళీ అని తాతయ్య చెప్పినా సరే, నొక్కి చూడకండి.