కొత్త ఫ్లాట్, సైకిల్ మీద ఆఫీసు: ఎక్కడ ఆగిపోతున్నామో పట్టుకోవడం ఎలా

హైదరాబాద్ వచ్చి బండ్లగూడ జాగీర్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకున్నప్పుడు నా లెక్క ఒక్కటే. ఆఫీసు నానక్‌రామ్‌గూడ పక్కన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబరు 1న ప్రారంభమైనప్పుడు ఆ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5. దాదాపు దారంతా పైన సోలార్ పలకల కప్పు. ఇంటి నుంచి అకాడమీ దాకా మూడు కిలోమీటర్లు మామూలు రోడ్డు మీద తొక్కితే, మిగతాదంతా నీడలోనే వెళ్లిపోవచ్చు అనుకున్నాను.

మొదటి నెలలో సైకిల్ తీసింది 6 రోజులు. తీయని ప్రతిరోజూ కారణం ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. నెలాఖరున చూస్తే ‘ట్రాఫిక్’ అన్న మాట రెండే సార్లు ఉంది. మిగతావన్నీ ఇంటివే. కుళాయి రాలేదు, సెల్లార్‌లో బండ్లు అడ్డం, టైరులో గాలి లేదు, చొక్కా ఇస్త్రీ లేదు. అందుకే ఇక్కడ మంచం దగ్గర మొదలుపెట్టి ఆఫీసు కుర్చీ దాకా వరసగా చెప్తాను. మీరు ఎక్కడ ఆగుతున్నారో ఆ చోట చూసుకోండి.

ఎనిమిదికి బయలుదేరాలనుకుంటే తొమ్మిదవుతోంది

కొత్త ఇంట్లో పొద్దున పూట ఆలస్యానికి మన బద్ధకం కంటే ఇంటి పద్ధతి తెలియకపోవడమే ఎక్కువ కారణం. మా బిల్డింగ్‌లో ఏడున్నరకు ట్యాంకు అడుగంటేది. ఎనిమిదికి మోటారు వేసేవారు. నేను సరిగ్గా ఆ మధ్యలో స్నానానికి వెళ్లేవాణ్ణి. ఇది తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. వాచ్‌మెన్‌ను అడిగి ఉంటే ఒక్క నిమిషం పట్టేది. ఇల్లు మారిన మొదటి రోజే మూడు సంగతులు అడగండి: మోటారు ఏ టైముకు వేస్తారు, మంజీరా నీళ్లు (కుళాయికి వచ్చే సర్కారు నీళ్లు) ఏ రోజుల్లో వస్తాయి, ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పిస్తారా. ఒక బకెట్ ఎప్పుడూ నింపి ఉంచుకోండి.

గీజర్ వేసి, వంటింట్లో ఇండక్షన్ స్టవ్ పెట్టగానే కరెంటు పోతోందా? పక్క ఫ్లాట్‌లో లైటు వెలుగుతుంటే అది కరెంటు కోత కాదు, మీ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్) పడిపోయింది. 2000 వాట్ల గీజర్ ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. అంతే పవర్ ఉన్న స్టవ్ కూడా అదే లైను మీద ఉంటే 16 ఆంపియర్ల ఎంసీబీ పరిమితి దాటిపోతుంది. పెద్ద ఎంసీబీ వేయించడం దీనికి మందు కాదు, లోపలి వైరు వేడెక్కుతుంది. ముందు గీజర్, అది ఆపాక స్టవ్. లేదంటే ఎలక్ట్రీషియన్‌తో విడిగా లైను వేయించమని ఓనర్‌ను అడగాలి.

షవర్ నుంచి సన్నటి దారాల్లా నీళ్లు పడుతుంటే పంపు తప్పు కాదు. బోరు నీళ్ల ఉప్పు రంధ్రాల్లో తెల్లగా గట్టిపడిపోయింది. పాలిథిన్ కవర్‌లో వెనిగర్ పోసి, షవర్ అందులో మునిగేలా కట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పాత బ్రష్‌తో రుద్దితే వదులుతుంది.

సైకిల్ బాగానే ఉంది, కానీ సెల్లార్‌లోంచి బయటికి రావడం లేదు

అన్నిటికంటే పెద్ద సమస్య ఇదేనని నా నమ్మకం. సైకిల్ మానేసే వాళ్లు రోడ్డుకు భయపడి మానేస్తారని చాలామంది అంటారు. నేను చూసినంతవరకు, పొద్దున్నే రెండు స్కూటీలు జరిపి, కారు అద్దానికి తగలకుండా హ్యాండిల్ తిప్పుకుంటూ, చొక్కాకు మసి అంటించుకుని బయటపడే ఆ పది నిమిషాలకే ఎక్కువమంది విసిగిపోతారు.

అద్దె ఒప్పందంలో కారుకో బైకుకో పార్కింగ్ రాసి ఉంటుంది, సైకిల్ ఊసు ఉండదు. అందుకని ఎవరికీ అక్కర్లేని మూలకు, అంటే అందరి బండ్ల వెనక్కి దాన్ని తోసేస్తారు. నేను మొదట అసోసియేషన్ గ్రూపులో పెద్ద మెసేజ్ పెట్టాను. ఎవరూ పలకలేదు. తర్వాత ఒక సాయంత్రం వాచ్‌మెన్‌ను వెంటబెట్టుకుని సెల్లార్ అంతా తిరిగాను. “గక్కడ పెడితే కార్లు వెనక్కి తీసేటప్పుడు తగుల్తది సార్. లిఫ్టు ఎనక జాగ ఉంది, పైపులున్నయని ఎవ్వరు పెట్టరు. గక్కడ పెట్టుండ్రి, నేను సూస్కుంటా” అన్నాడు. ఆ గోడ పక్కన సైకిల్ అడ్డంగా సరిపోయింది, నిలువు పైపు తాళం వేయడానికి పనికొచ్చింది. ఆ తర్వాతే అసోసియేషన్ వాళ్లకు చెప్పాను, ఎవరికీ అభ్యంతరం రాలేదు. ముందు చోటు చూసుకుని తర్వాత అనుమతి అడిగితే పని త్వరగా అవుతుంది.

తాళం విషయంలో ఒక్క మాట. ముందు చక్రానికి మాత్రమే తాళం వేస్తే, చక్రం అక్కడే వదిలి మిగతాది పట్టుకుపోతారు. ఫ్రేము, వెనక చక్రం రెండూ కలిపి కదలని దేనికైనా వేయాలి. పెడళ్ల ఇరుసు కింద, ఫ్రేము అడుగున, చాలా సైకిళ్లకు ఒక నంబరు చెక్కి ఉంటుంది. దాన్ని ఇవాళే ఫోటో తీసుకోండి. పోయాక ఫిర్యాదు ఇవ్వాలంటే ఆ నంబరే ఆధారం.

సెల్లార్‌లోకి వాన నీళ్లు వచ్చే బిల్డింగ్ అయితే జూన్ నుంచి సైకిల్ పైకి తెచ్చుకోవాల్సిందే. లిఫ్టులో వెనక చక్రం మీద నిలబెడితే సరిపోతుంది.

వారంలో రెండోసారి పంచర్

పంచర్ షాపులో ప్యాచ్ వేస్తారు, కారణం చెప్పరు. ట్యూబ్‌లో చిల్లు ఎక్కడుందో చూస్తే కారణం దానంతట అదే తెలుస్తుంది. దీనికి ముందే ఒక ఏర్పాటు చేసుకోవాలి. టైరు ఎక్కించేటప్పుడు దాని మీదున్న కంపెనీ పేరు సరిగ్గా వాల్వ్ దగ్గరికి వచ్చేలా పెట్టండి. రేపు ట్యూబ్‌లో చిల్లు వాల్వ్‌కు జానెడు దూరంలో కనపడితే, టైరులో కూడా ఆ పేరుకు జానెడు దూరంలోనే వెతకాలి.

చిల్లు ట్యూబ్ బయటివైపు, అంటే రోడ్డు వైపు ఉంటే ముల్లో గాజుపెంకో గుచ్చుకున్నట్టు. మా వైపు రోడ్డు పక్క ఖాళీ స్థలాల్లో సర్కారు తుమ్మ దండిగా ఉంటుంది. దాని ముల్లు టైరులో దిగి కొన విరిగి లోపలే ఉండిపోతుంది. ప్యాచ్ వేసి అదే టైరు ఎక్కిస్తే మళ్లీ గుచ్చుతుంది. నా రెండో పంచర్ అలాంటిదే. పాత దూది గుడ్డతో టైరు లోపలంతా నెమ్మదిగా తుడిచాను, ఒకచోట పోగు పట్టుకుంది. వేలితో తడిమితే ఏమీ తెలియలేదు. టైరును వెనక్కి మడిచి వెలుతురులో చూస్తే ఆవగింజ అంత నల్లటి మొన. గోళ్లు కత్తిరించే కట్టర్‌తో లాగితే వచ్చింది.

రెండు చిల్లులు పక్కపక్కన పాము కాటులా ఉంటే ముల్లు కాదు. గాలి తక్కువగా ఉండి, గుంతలోనో స్పీడ్ బ్రేకర్ మీదో ట్యూబ్ రిమ్ముకు టైరుకు మధ్య నలిగింది. చిల్లు లోపలివైపు ఉంటే చువ్వల మీద ఉండే టేపు జరిగింది, అది మార్చాలి. ఎక్కడా చిల్లు లేకుండా రెండు రోజులకు గాలి దిగుతుంటే వాల్వ్ మీద సబ్బు నీళ్లు వేసి చూడండి, బుడగ వస్తే అదే.

గాలి ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. నాదాని మీద 40 నుంచి 65 పీఎస్ఐ అని ఉంది. ట్యూబ్ మంచిదే అయినా గాలి కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంటుంది, కాబట్టి ఆదివారం ఆదివారం కొట్టాలి. పెట్రోల్ బంకులో కొట్టిస్తే సైకిల్ ట్యూబ్ చిన్నది కనుక రెప్పపాటులో ఎక్కువైపోతుంది. మీటర్ ఉన్న పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. హెల్మెట్ తర్వాత నేను చెప్పే రెండో కొనుగోలు అదే.

మోకాళ్లు నొప్పి, వేళ్లు తిమ్మిరి

మోకాలి ముందువైపు నొప్పి అయితే చాలాసార్లు సీటు తక్కువ ఎత్తులో ఉన్నట్టు. వెనకవైపు లాగుతుంటే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, మడమను పెడల్ మీద పెట్టి కిందికి తొక్కండి. కాలు పూర్తిగా సాగి, నడుము పక్కకు ఒరగకుండా ఉంటే ఎత్తు సరిపోయినట్టే. తొక్కేటప్పుడు మడమ కాదు, పాదం ముందుభాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఇంకోటి, బరువు గేరులో బలంగా తొక్కడం కంటే తేలిక గేరులో వేగంగా తిప్పడం మోకాళ్లకు మంచిది. ఈ ఊరు రాళ్ల గుట్టల మీద కట్టినది, ఎత్తుపల్లాలు తప్పవు.

చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున నరం నొక్కుకుంటోంది. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూడండి, అలా ఉంటే ఒంటి బరువంతా చేతుల మీదికి జారుతుంది. రెండు వారాల తర్వాత కూడా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోవాలి.

ఆఫీసుకు చేరేసరికి చొక్కా తడిసి ముద్ద

వీపు మీద బ్యాగు ఉంటే మాఘమాసంలో కూడా చెమట పడుతుంది. బ్యాగును వెనక క్యారియర్ మీదికి మార్చండి, సగం సమస్య అక్కడే పోతుంది. చివరి కిలోమీటరు నెమ్మదిగా తొక్కి, ఏసీలోకి వెళ్లేముందు పది నిమిషాలు బయట నీడలో నిలబడండి. తొక్కడం ఆపాక కూడా కాసేపు చెమట కారుతూనే ఉంటుంది. నేను సోమవారం బస్సులో వెళ్తూ వారానికి సరిపడా ఇస్త్రీ బట్టలు తీసుకెళ్లి అల్మారాలో పెడతాను. మిగతా రోజులు టీషర్టులో తొక్కి, తడి తువ్వాలుతో తుడుచుకుని మార్చుకుంటాను. రోహిణి కార్తెలో మాత్రం ఏడు దాటాక బయలుదేరొద్దు.

క్యారేజీలో చారు, పులుసు పెట్టొద్దు. ఒకసారి నా ల్యాప్‌టాప్ సంచి అంతా పప్పుచారు అయ్యింది. ముద్దపప్పు, వేపుడు, పెరుగు విడిగా గట్టి మూత డబ్బాలో.

వానాకాలం మొత్తం సైకిల్ మూలకే

రోజూ మానాల్సిన పని లేదు, కానీ ఏ రోజు మానాలో తెలియాలి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాం. గండిపేట గేట్లు ఎత్తితే మంచిరేవుల, నార్సింగి మధ్య దారి మునిగే ప్రమాదం ఉంది, అప్పుడు పోలీసులు మూసేస్తారు. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఆ పక్క సర్వీసు రోడ్డుకూ అదే గతి. నా దారి ఈ రెండిటి మధ్యలో ఉంది. కాబట్టి వాన పడుతున్న వారంలో పొద్దున్నే వాతావరణం కంటే ముందు గేట్ల వార్త చూస్తాను. గేట్లు ఎత్తారంటే ఆ రోజు బస్సే.

నీళ్లు నిలిచిన చోట లోతు తక్కువగా కనపడినా సైకిల్ దింపొద్దు. కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైనుంచి తెలియదు. దిగి తోసుకుంటూ వెళ్లడం కూడా వద్దు, వెనక్కి తిరగండి. తడిసిన రోడ్డు మీద తెల్ల గీతలు, ఇనుప మూతలు జారుతాయి. వాటి మీద బ్రేకు వేయకుండా, వంగకుండా నిటారుగా దాటాలి. రెండు చక్రాలకూ పొడవాటి మడ్‌గార్డులు వేయించండి, రెయిన్‌కోటు కంటే ఎక్కువ పనికొస్తాయి.

వానలో తడిసిన మర్నాడు చైన్ కిర్రుమంటే పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో గొలుసు కణుపు మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేసి, పైన మిగిలిన నూనె తుడిచేయండి. కొబ్బరినూనె వేస్తే దుమ్ము పేరుకుంటుంది. నూనె రిమ్ము మీదో డిస్కు మీదో పడితే బ్రేకు పట్టదు, అది జాగ్రత్త.

ట్రాక్ దాకా వెళ్లే ఆ మూడు కిలోమీటర్లే భయం

పనిదినం కాకుండా ఆదివారం పొద్దున ఆ దారిలో రెండుసార్లు తొక్కండి. గుంతలు, కుక్కలుండే మలుపు, ఆగి ఉన్న కార్లు గుర్తుంటాయి. కార్ల పక్కన తలుపు వెడల్పంత జాగా వదలండి, ఎవరు ఎప్పుడు తలుపు తీస్తారో తెలియదు. కుక్కలు వెంటపడితే వేగం పెంచొద్దు. దిగి, సైకిల్ మీకూ వాటికీ మధ్య ఉండేలా పెట్టుకుని నడవండి. చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఏడైతే చీకటి. వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు రెండూ ఉండాలి. ఛార్జింగ్ మర్చిపోవడం వల్లే అవి చాలాసార్లు పనిచేయవు. మా ఇంట్లో వాటికి చోటు చెప్పుల స్టాండ్ పైన ప్లగ్గు దగ్గర. తాళంచెవి అక్కడ పెట్టేటప్పుడే రెండు లైట్లూ ఛార్జింగ్‌కు పెడతాను, పొద్దున చెప్పులు వేసుకుంటూ తీసుకుంటాను.