మీటింగులో ఎవరికైనా కోపం వస్తే "కూల్" అనకండి, ఇలా చెయ్యండి

ఐదారుగురు కూర్చుని ఏదో ఒకటి తేల్చుకునే గ్రూపు మీరు నడుపుతుంటే, అది ఆఫీసు టీమ్ అవ్వనీ కాలేజీ ప్రాజెక్టు అవ్వనీ, ఏదో ఒక రోజు ఎవరో ఒకళ్ళు గొంతు పెంచుతారు. అప్పుడు మనందరి నోట్లోంచి ఆటోమేటిగ్గా వచ్చే మాట "కూల్ అవ్వండి". ముందు ఆ మాట మానెయ్యండి, దానివల్ల కోపం తగ్గదు సరికదా ఆ మనిషి లేవనెత్తిన పాయింట్ గాలికి పోయి అందరూ ఆ మనిషి మూడ్ గురించి ఆలోచించడం మొదలుపెడతారు. ఆ కోప్పడింది ఆడవాళ్ళయితే ఇంకా ఎక్కువ.

2015లో జెసికా సలెర్నో, ఇంకో రీసెర్చర్ కలిసి చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక మర్డర్ కేసు మీద జ్యూరీ (నేరం చేశాడా లేదా అని తేల్చే మామూలు జనం గ్రూపు) చాట్‌లో మాట్లాడుకుంటున్నామని పాల్గొన్నవాళ్ళు అనుకుంటారు, నిజానికి అవతలి మెసేజ్‌లన్నీ ముందే రాసి పెట్టినవి. నలుగురు వీళ్ళతో ఒప్పుకుంటారు, ఒక్కళ్ళు మాత్రం అడ్డం తిరుగుతారు. ఆ ఒక్కళ్ళు కోపంగా రాసి, పేరు మగ పేరైతే చదివినవాళ్ళకి "నేనే తప్పేమో" అని డౌట్ మొదలైంది. అవే మాటలు, అదే కోపం, పేరు మాత్రం ఆడ పేరు, అప్పుడు చదివినవాళ్ళు తమ అభిప్రాయాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

ఎందుకలా అంటే, మగాడు అరిస్తే "ఏదో జరిగుంటుంది" అనుకుంటాం, ఆడమనిషి అరిస్తే "ఆవిడ అంతే" అనుకుంటాం. విక్టోరియా బ్రెస్కాల్, ఎరిక్ ఉల్మన్ 2008లో ఇదే చూపించారు, కాకపోతే వాళ్ళ పేపర్లో మనకి పనికొచ్చే ఇంకో ముక్క ఉంది. కోప్పడిన ఆడమనిషికి ఆ కోపం ఎందుకొచ్చిందో బయటి కారణం చెప్పినప్పుడు, ఆవిడ విలువకి జరిగే నష్టం చాలావరకు పోయింది. మనం చెయ్యాల్సిన పనంతా ఇక్కడే ఉంది, కారణాన్ని అందరి ముందుకి తేవడం.

ఎలాగంటే, ఒకావిడ "నన్ను అడక్కుండా డేట్ ఎలా ఫిక్స్ చేస్తారండీ?" అని గట్టిగా అన్నారనుకోండి. టేబుల్ చుట్టూ నిశ్శబ్దం, ఒకాయన ఫోన్ చూసుకుంటాడు, ఇంకొకాయన చిన్నగా నవ్వుతాడు. ఆ రెండు సెకన్లలో మీరు మాట్లాడాలి. "సరే, డేట్ ఎప్పుడు ఫిక్స్ అయింది, ఆవిడకి మెయిల్ వెళ్ళిందా?" అంతే. "మీరు అప్సెట్ అయినట్టున్నారు" అనొద్దు, ఎంత మంచి మనసుతో అన్నా అది మళ్ళీ మనిషి మీదకే వెళ్తుంది. కోపం వచ్చినవాళ్ళే కారణం కూడా కలిపి చెప్తే పని జరుగుతుంది, నిజమే, కానీ ఆ బరువు కూడా వాళ్ళ మీదే వెయ్యడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది, మీటింగ్ నడిపేవాళ్ళు మీరు కాబట్టి అది మీ పని.

మగవాళ్ళ కోపానికి రివర్స్ జాగ్రత్త కావాలి. ఒకాయన బల్ల గుద్దగానే అందరూ ఆయన వైపు వాలిపోతుంటే వెంటనే డెసిషన్ తీసుకోకండి, తలా ఒక చీటీ ఇచ్చి అభిప్రాయం రాయమనండి. అసలు చర్చ మొదలవ్వకముందే ఒకసారి రాయించి పెట్టుకుంటే ఇంకా మంచిది, ఎవరు ఎప్పుడు ఎందుకు మారారో తెలుస్తుంది.

ఓటింగ్ సంగతి చాలామంది పట్టించుకోరు కానీ ఇది పెద్ద విషయం. కార్పోవిట్జ్, మెండెల్‌బర్గ్, షేకర్ 2012లో ఐదుగురేసి గ్రూపులు పెట్టి చూశారు. మెజారిటీ ఓటు రూల్ ఉండి, ఆడవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటే వాళ్ళు మగవాళ్ళ కన్నా బాగా తక్కువ మాట్లాడారు. "అందరూ ఒప్పుకుంటేనే" అన్న రూల్ పెడితే ఆ తేడా బాగా తగ్గిపోయింది. ఆడవాళ్ళే ఎక్కువమంది ఉన్న గ్రూపులో మాత్రం మెజారిటీ ఓటే వాళ్ళకి కలిసొచ్చింది, కాబట్టి ముందు తలలు లెక్కపెట్టుకుని తర్వాత రూల్ పెట్టండి.

ఒకళ్ళిద్దరే మైకు పట్టుకుంటే ఒక్క చుట్టు వరసగా అందరి చేతా మాట్లాడించండి. 2010లో అనితా వూలీ టీమ్ చూసినదాంట్లో కూడా మాట్లాడే వంతులు సమానంగా ఉన్న గ్రూపులే మొత్తమ్మీద పనులు బాగా చేశాయి.

ఇక ఆఖర్లో "మినిట్స్ (మీటింగులో ఏం తేలిందో ఆ నోట్సు) ఎవరు రాస్తారు?" అని అడిగి ఊరుకోవద్దు, ఇలాంటి పేరు రాని పనులు ఆడవాళ్ళ మీదే పడతాయి. లిండా బాబ్‌కాక్ వాళ్ళు 2017లో వేసిన పేపర్లో ముగ్గురేసి గ్రూపులు, 2 నిమిషాల్లో ఎవరో ఒకరు బటన్ నొక్కాలి, నొక్కినవాళ్ళకి మిగతావాళ్ళ కన్నా డబ్బు తక్కువ. ఆడా మగా కలిసిన గ్రూపుల్లో ఆడవాళ్ళు 48% ఎక్కువగా నొక్కారు, అదే అందరూ ఆడవాళ్ళో అందరూ మగవాళ్ళో అయితే ఆ తేడానే లేదు. అంటే ఆడవాళ్ళకి ఆ పనంటే ఇష్టమని కాదు, వాళ్ళే చేస్తారని అందరూ ఎదురుచూస్తారు. ఒకళ్ళని ఎంచుకుని అడగమన్నా ఆడా మగా ఇద్దరూ ఆడవాళ్ళనే ఎక్కువ అడిగారు. అందుకని పేర్లు ఒక లిస్టు రాసి వంతులేసెయ్యండి, ఈసారి ఎవరి వంతో మీటింగ్ మెసేజ్‌లోనే పెట్టెయ్యండి, ఆ రోజు వాళ్ళు రాకపోతే లిస్టులో తర్వాతి పేరు.