పాత ఆటోమేటిక్ కారు 65 దగ్గర వణుకుతుంటే

మా కారు 2007 మోడల్, 4 గేర్ల ఆటోమేటిక్. కోనసీమలో తిరిగినన్నాళ్లూ దానికి ఏ జబ్బూ కనపడలేదు, ఎందుకంటే కాలవగట్టు రోడ్ల మీద ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు వస్తే పక్కకి ఒరిగి దారివ్వాల్సిందే, ఇక నలభై దాటేదెక్కడ. రావులపాలెంలో హైవే ఎక్కి తణుకు వైపు తిరిగి సిద్ధాంతం వంతెన ఎక్కుతుంటే మాత్రం 60, 70 మధ్య కాళ్ల కింద గరగరమని వణుకు. రెండు మూడు సెకన్లు అంతే, తర్వాత ఏమీ ఎరగనట్టు సాఫీగా పోయేది. "వంతెన అతుకులురా, కారుది కాదు" అని మా బావ తేల్చేశాడు. కొన్నాళ్లు నేనూ నమ్మాను.

నమ్మకం పోయాక రెండుసార్లు వీల్ బ్యాలెన్సింగ్, ఒకసారి అలైన్‌మెంట్, రెండు కొత్త టైర్లు, ఇంజన్‌ని పట్టి ఉంచే రబ్బరు మౌంట్ ఒకటి, అన్నీ చేయించాను. వణుకు అలాగే ఉంది. మీరు ఇన్ని చేయించకముందే ఒక కాగితం తీసుకుని వణుకు ఎప్పుడొస్తోందో రాయండి: ఎంత స్పీడు, ఆర్‌పీఎం ఎంత, యాక్సిలరేటర్ మీద కాలు ఉందా లేదా, ఇంజన్ బాగా వేడెక్కిందా. మెకానిక్ దగ్గరికి వెళ్లి "వణుకుతోందండీ" అంటే ఆయన తనకి బాగా తెలిసిన పార్టు మారుస్తాడు, అందులో ఆయన తప్పేం లేదు.

సిగ్నల్ దగ్గర గేరు డీ (డ్రైవ్)లో పెట్టి బ్రేకు తొక్కి ఉంచితే వణికి, ఎన్ (న్యూట్రల్)లోకి మార్చగానే తగ్గితే ముందు మౌంట్లు చూడాలి, ఇంజన్‌కి గాలి వదిలే థ్రోటిల్ బాడీ మురికిపట్టి ఐడిల్ (ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగం) పడిపోయినా ఇలాగే ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగ్ కొట్టుకుంటే ముందు డిస్కులు చూడాలి. యాక్సిలరేటర్ తొక్కితే వణుకు, వదిలితే పోవడం, ఇది చక్రాన్ని తిప్పే డ్రైవ్‌షాఫ్ట్‌కి గేర్‌బాక్సు వైపున్న జాయింటు పని కావచ్చు. కారు కింద రబ్బరు బూటు చిరిగి చుట్టూ గ్రీజు చిమ్మి ఉందేమో చూడండి.

80 దాటాక స్టీరింగ్‌లో మొదలై, కాలు తీసేసినా ఆ స్పీడులో అలాగే ఉంటే అది చక్రం వైపు. ఇక్కడ మన డెల్టాకి సొంతమైన కారణం ఒకటుంది. వానాకాలంలో చేపల చెరువుల గట్ల మీద తిరిగొస్తే రిమ్ము లోపలివైపు బంకమన్ను పట్టుకుని ఎండి రాయైపోతుంది. బ్యాలెన్సింగ్ వాళ్లు 5 గ్రాముల ముక్కలతో తూకం సరిచేస్తుంటారు కదా, నేను స్క్రూడ్రైవర్ పెట్టి తవ్వితే ముందు ఎడమ చక్రంలోంచి అరచేయంత పెచ్చు ఊడింది. ఆ మన్నుతో సహా బ్యాలెన్స్ చేస్తే అది రాలిపోయిన రోజు తూకం మళ్లీ తప్పుతుంది. అందుకని ముందు లోపలివైపు కడగాలి, తర్వాతే బ్యాలెన్సింగ్. టైరు వయసు కూడా చూడండి, పక్కన నాలుగంకెల ముద్రలో 1219 అని ఉంటే 2019లో 12వ వారం తయారైందని అర్థం.

మన్ను పోయాక 90 దగ్గర ఉండే సన్నటి అదురు పోయింది. 65 దగ్గరి గరగర పోలేదు. అంటే నా కారుకి రెండు జబ్బులున్నాయి, నేను ఒకటే అనుకుని తిరుగుతున్నాను.

రెండోది టార్క్ కన్వర్టర్‌లో ఉంది. పాత ఆటోమేటిక్‌లలో ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఆయిలే పని చేస్తుంది, ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగి ఆయిల్‌ని తోస్తే రెండోది తిరిగినట్టు. ఇందులో కొంత జారుడు ఉంటుంది కాబట్టి, నిలకడగా పోతున్నప్పుడు పెట్రోలు కలిసొచ్చేలా లోపలున్న ఒక క్లచ్ ఆ రెంటినీ బిగిస్తుంది. దీన్నే లాకప్ అంటారు. ఆయిల్ పాతబడి గుణం పోయినా, ఆ క్లచ్ ప్లేటు అరిగినా, క్లచ్ సరిగా పట్టుకోలేక పట్టి వదిలి, పట్టి వదిలి కొట్టుకుంటుంది. కాలు కొద్దిగా నొక్కి, స్వల్పంగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇది బాగా బయటపడుతుంది. మన దగ్గర ఎత్తంటే వంతెనే! అందుకే వంతెన మీద నింద పడింది.

పరీక్షకి పైసా ఖర్చు లేదు. వెనక బండి లేదని అద్దంలో చూసుకుని, వణుకు మొదలవగానే కుడికాలు కదపకుండా ఎడమకాలితో బ్రేకు పెడల్‌ని, బ్రేకు లైటు వెలిగేంత మాత్రం, తాకించండి. చాలా కార్లలో బ్రేకు స్విచ్ కలవగానే లాకప్ వదిలేస్తుంది. నా కారులో ఆర్‌పీఎం ముల్లు ఉన్నచోటి నుంచి ఇంకో 200 దాకా పైకి లేచింది, వణుకు స్విచ్ కట్టేసినట్టు ఆగిపోయింది. చక్రం జబ్బయితే బ్రేకు లైటుకి భయపడదు కదా. ఏఎంటీ బండ్లకి (మాన్యువల్ గేర్‌బాక్సుకే క్లచ్, గేర్లు వాటంతటవే మారేలా చేసినవి) మాత్రం ఈ పరీక్ష పనికిరాదు, వాటిలో కన్వర్టరే ఉండదు.

తొందరపడి గేర్‌బాక్సు దించకండి. ఒక సిలిండరు సరిగా మండకపోయినా లాకప్‌లో ఆ కుదుపు నేరుగా కారుకి తగులుతుంది, లాకప్ వదలగానే ఆయిల్ మింగేస్తుంది, కాబట్టి పరీక్షలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ముందు ప్లగ్గులు, కాయిల్స్ చూపించండి. స్కానర్ పెడితే పీ0300 నుంచి మొదలయ్యే కోడ్లు ఇంజన్ వైపు, పీ0740, పీ0741 లాకప్ వైపు.

ప్లగ్గులు బాగుంటే గేర్ ఆయిల్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఏటీఎఫ్. మా మెకానిక్ గారు డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డకి తుడిచి నా ముక్కు దగ్గర పెట్టారు. "చూడండి బాబూ, మాడిన పోపు వాసన రావట్లా?" వచ్చింది. ఎర్రగా ఉండాల్సింది కాఫీ డికాషన్‌లా ఉంది. నట్టు విప్పి దించితే మా దాంట్లో సుమారు 3 లీటర్లు దిగింది, మిగతాది చాలావరకు కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది, కాబట్టి ఒక్కసారి మారిస్తే సగం కూడా మారనట్టే. దించి, దించినంతే పోసి, కొన్నాళ్లు నడిపి మళ్లీ దించాలి, నేను మూడుసార్లు చేయించాను. మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి, "అన్నిటికీ సరిపోద్దండి" అని డబ్బా తీసేవాళ్లకి దండం పెట్టి వచ్చేయండి. లెవెల్ చూసే పద్ధతి కూడా మాన్యువల్ ప్రకారమే, కొన్ని కార్లకి ఇంజన్ నడుస్తుండగా చూడాలి, కొన్నిటికి ఆపి చూడాలి.

ఆయిల్ పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే మాత్రం నీళ్లు కలిశాయి. రేడియేటర్‌లో గేర్ ఆయిల్ చల్లబరిచే గొట్టం లోపల కారినా అంతే, గోదారి వరదలో కాజ్‌వే దాటించినా అంతే. ఆ కారుని స్టార్ట్ చేయకుండా కట్టి లాక్కుపోండి, ఆ నీళ్లకి క్లచ్ ప్లేట్ల మీద పూత ఊడిపోతుంది.

నాకు మొదటిసారి మార్చగానే వణుకు సగానికి తగ్గింది, మూడోసారికి పోయింది. అప్పటికీ పోకపోతే ప్లేటు అరిగిందనో, లాకప్‌కి ఆయిల్ వదిలే కరెంటు వాల్వు, అంటే సోలనాయిడ్, పోయిందనో అనుమానించాలి, ప్లేటే అయితే గేర్‌బాక్సు దించక తప్పదు.

మొన్న బావని ఎక్కించుకుని సిద్ధాంతం వంతెన మీదుగా వెళ్లాను, స్పీడు 65. కింద టకటకమంటున్నవి ఈసారి నిజంగానే అతుకులు. "నే చెప్పలా" అన్నాడు.