వాషింగ్ మెషీన్ పైన అర కొట్టించే ముందు

వంటింటి వెనుక ఇరుకైన యుటిలిటీలో సర్ఫు డబ్బాల కోసం వాషింగ్ మెషీన్ పైన అర కొట్టిస్తే, తీరా చూసేసరికి మూత సగమే తెరుచుకుంటుంది. వడ్రంగిని పిలవడానికి ముందే ఒక సుద్దముక్కతో ఈ చిక్కును తప్పించుకోవచ్చు.

ముందుగా మెషీన్‌ను గొట్టాలు తగిలించి, అది ఉండవలసిన చోటనే నిలపాలి. గొట్టం మడతపడకుండా వెనుక కొంత ఎడం కావాలి కనుక, గోడకు ఆనించి కొలిస్తే లెక్క తప్పుతుంది. టాప్ లోడ్ అయితే మూతను పూర్తిగా ఎత్తి, దాని అంచు అందిన ఎత్తులో గోడపై గీత గీసి, ఆ గీతకు 10 సెంటీమీటర్ల పైన అర అడుగుభాగం వచ్చేలా గుర్తు పెట్టాలి. అర లోతు 25 సెంటీమీటర్లు మించకపోతే బట్టలు తీయడానికి వంగినప్పుడు తలకు తగలదు. ఫ్రంట్ లోడ్ అయితే తలుపు తిరిగే మేర నేలపై గీసి, దాని అవతల మనిషి బకెట్‌తో కూర్చోవడానికి 60 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. మాసిన బట్టల బుట్ట అందులోకి రాకూడదు. నా దృష్టిలో అర కంటే ఈ ఖాళీయే ముఖ్యం, ఎందుకంటే తడిసిన దుప్పటిని పక్కకు ఒరిగి లాగితే నడుము పట్టేస్తుంది.

కుళాయి ఉన్న గోడకు మాత్రం ఈ కొలత ఒక్కటే చాలదు. గోడ లోపలి పైపు సాధారణంగా కుళాయికి తిన్నగా నిలువునో అడ్డంగానో సాగుతుంది కాబట్టి, ఆ వరుసలో డ్రిల్ చేయించకుండా అరను పక్క గోడకు మార్చుకోవాలి.