జాప్లిన్ బరువు ఎలా దించాలి, బ్యాకప్ ఎలా నమ్మాలి

జాప్లిన్ అనే నోట్సు యాప్ బరువెక్కిందనగానే చాలామంది పాత నోట్సు తుడిచేస్తారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. కంప్యూటర్లు అక్షరాలను దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. గుణింతాన్నీ ఒత్తునీ విడిగా లెక్కేసినా, పది లక్షల గుర్తులు కలిపితే సుమారు 3 ఎంబీ. వెతకడానికి వీలుగా జాప్లిన్ అదే రాతను మరోచోట కూడా దాచుకుంటుంది, పోనీ రెట్టింపు అనుకోండి. విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని ఫోన్‌తో తీసుకున్న పేజీల ఫొటోలు నాలుగు ఎక్కిస్తే ఆ లెక్క దాటిపోవచ్చు.

కాబట్టి ముందు బరువు ఎక్కడుందో చూడాలి. విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్‌లో '.కాన్ఫిగ్', దాని లోపల 'జాప్లిన్-డెస్క్‌టాప్' ఉంటాయి (పేర్లు ఇంగ్లిషులో కనిపిస్తాయి). అందులో డేటాబేస్ ఫైలు ఒకటి, 'రిసోర్సెస్' ఫోల్డరు ఒకటి. రెండింటి సైజూ రాసుకోండి.

రిసోర్సెస్ పెద్దదైతే తప్పు ఫొటోలది, పీడీఎఫ్‌లది. టూల్స్ మెనూలో 'నోట్ అటాచ్‌మెంట్స్' తెరిచి సైజు వరుసలో పెట్టండి, పెద్దవి పైకొస్తాయి. అక్కడ డిలీట్ కొడితే ఫైలు పోతుంది గానీ నోటులో దాని లింకు అలాగే వేలాడుతుంది. అందుకే బ్యాకప్ తీశాకే ఇటు రండి. ఇకముందు ఫొటోలు ఎక్కించేటప్పుడు చిన్నది చేయమంటారా అని అడిగితే సరేననండి. 1920 పిక్సెళ్లకు కుదిస్తుంది. అచ్చు పేజీ చదవడానికి అది చాలు.

డేటాబేసే ఉబ్బితే నోట్ హిస్టరీని అనుమానించండి. మార్పుల పాత రూపాలను మామూలుగా 90 రోజులు దాస్తుంది. ఆప్షన్స్‌లో దాన్ని 30కి దించవచ్చు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేయండి.

ఇంత చేసినా ఫైలు సైజు తగ్గలేదని కంగారు వద్దు. జాప్లిన్ వాడే డేటాబేస్ రకం ఎస్‌క్యూలైట్, దాని స్వభావమే అంత: తుడిచిన చోటును డిస్కుకు తిరిగివ్వదు, తర్వాతి రాతలకు వాడుకుంటుంది. బయటి టూల్‌తో 'వాక్యూమ్' (ఆ ఖాళీ చోటును వదిలించే ఆదేశం) కొట్టమని సలహాలు వినిపిస్తాయి. జాప్లిన్ మీద ఆ పని వద్దనే అంటాం. వాక్యూమ్ లోపలి వరుస సంఖ్యలను మార్చేయవచ్చు, వెతుకులాట సూచీ వాటినే నమ్ముకుని ఉంటుంది. సింక్ (నోట్సును అన్ని పరికరాల్లో ఒకేలా ఉంచే ఏర్పాటు) ఉన్నవాళ్లు అది పూర్తయ్యాక కొత్త ప్రొఫైల్ (అదే యాప్‌లో నోట్సు విడిగా ఉండే మరో చోటు) పెట్టి, అక్కడికి మొత్తం దించుకుంటే డేటాబేస్ శుభ్రంగా తయారవుతుంది.

ఇక బ్యాకప్. సింక్ బ్యాకప్ కాదు. ల్యాప్‌టాప్‌లో పొరపాటున చేసిన మార్పు ఫోన్‌కీ చేరుతుంది. యాప్ తెరిచి ఉండగా డేటాబేస్ ఫైలును కాపీ చేయడమూ బ్యాకప్ కాదు. సగం రాతలో ఉన్న ఫైలు చేతికి రావచ్చు. ఫైల్ మెనూలో 'ఎక్స్‌పోర్ట్ ఆల్', అందులో జాప్లిన్ సొంత ఫైలు రకం జేఈఎక్స్ ఎంచుకోండి. నోట్సు, నోట్‌బుక్‌లు, ట్యాగులు, అటాచ్‌మెంట్లు అన్నీ ఒకే ఫైలులోకి వస్తాయి, సెట్టింగులు రావు. రోజూ చేయడం బద్ధకమైతే డెస్క్‌టాప్‌తో వచ్చే బ్యాకప్ ప్లగిన్‌ను వాడండి. ఎన్ని పాత కాపీలు ఉంచాలో అక్కడ 7 అని పెట్టండి. ఒక్కటే ఉంచితే, పాడైన నోట్సు మంచి కాపీ మీద కూర్చుంటాయి.

కాపీలన్నీ ఒకే ఇంట్లో పెట్టకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. క్లౌడ్‌లో ఉన్నది అప్పుడు అందదు, ఇంట్లో ఉన్నది తడవవచ్చు. ఒక పెన్‌డ్రైవ్ దగ్గర, ఇంకొకటి విజయనగరంలోనో అనకాపల్లిలోనో చుట్టాలింట్లో ఉంచండి. బీచ్ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి లోహపు మొనలు తుప్పుపడతాయి, జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. సింక్‌కు ఎన్‌క్రిప్షన్ ఉన్నా జేఈఎక్స్ ఫైలుకు తాళం ఉండదు. బ్యాంకు వివరాలు రాసుకునేవాళ్లు ప్లగిన్‌లో పాస్‌వర్డ్ పెట్టాలి. దాన్ని మాత్రం జాప్లిన్‌లోనే రాసుకోకండి.

రెండు మూడు నెలలకోసారి సింక్ లేని ఖాళీ ప్రొఫైల్‌లోకి ఆ జేఈఎక్స్‌ను ఇంపోర్ట్ చేసి చూడండి. అసలు ప్రొఫైల్‌లో చేస్తే నోట్సన్నీ రెండేసి అవుతాయి. ఫొటో ఉన్న నోటు ఒకటి, పాత నోటు ఒకటి తెరుచుకుంటే ఆ ప్రొఫైల్‌ను తీసేయండి.