కొత్త అక్వేరియంలో సున్నితమైన చేపలను బతికించుకోవడం ఎలా?

శనివారం తొట్టె కొని, ఆ సాయంత్రమే నీళ్లు నింపి, ఆదివారం పది నియాన్ టెట్రాలు వదిలితే మళ్లీ శనివారానికి రెండో మూడో మిగులుతాయి. రోగం చేపలు అంటగట్టారని దుకాణం వాళ్లను తిట్టుకుంటాం. చాలాసార్లు జబ్బు చేపల్లో ఉండదు. నీళ్లు అద్దంలా మెరుస్తున్నా అవి ఇంకా చేప బతికే నీళ్లు కాలేదు, అంతే.

చేప మొప్పల నుంచి, రెట్ట నుంచి, తినగా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. పాత తొట్టెలో ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం. మూడోది కొంత పేరుకున్నా ఫర్వాలేదు, వారం వారం కొన్ని నీళ్లు మారిస్తే పోతుంది. కొత్త తొట్టెలో ఈ బ్యాక్టీరియా ఉండదు. ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ల మీద అది స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాల్లో తొట్టెలో చేప ఉండకూడదు.

ముందు చేపను ఎంచుకోండి

విజయవాడ, గుంటూరు ఎండలకు ఏ చేప తట్టుకుంటుందో ముందే ఆలోచించాలి. నియాన్ టెట్రా 21 నుంచి 26 డిగ్రీల నీళ్లను ఇష్టపడుతుంది. మే నెలలో మన ఇళ్లలో, ఏసీ లేని గదిలో, తొట్టె నీళ్లు 32 దాటడం మామూలే. అచ్చం నియాన్‌లా కనిపించే కార్డినల్ టెట్రా 28, 29 డిగ్రీల్లో హాయిగా తిరుగుతుంది. రామిరెజి, డిస్కస్ కూడా వెచ్చటి నీళ్ల చేపలే. అయితే డిస్కస్‌కు చాలా పెద్ద తొట్టె కావాలి, మొదటి తొట్టెలో వద్దు. రోజంతా ఏసీ నడవని ఇంట్లో నియాన్‌కు బదులు కార్డినల్ తీసుకోండి.

ఇక్కడి లెక్కలన్నీ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు తొట్టెకు. రాళ్లు పోను అందులో సుమారు 60 లీటర్లు పడతాయి. చిన్న గాజు గిన్నెల్లో ఈ చేపలను పెంచే ప్రయత్నం చేయొద్దు. నీళ్లు తక్కువైనకొద్దీ విషం త్వరగా పేరుకుంటుంది, వేడి త్వరగా ఎక్కుతుంది.

1. తొట్టె అమర్చడం

నీళ్లు, రాళ్లు, గాజు కలిపి 80 కిలోలు దాటుతుంది కాబట్టి గట్టి స్టాండు, దాని మీద థర్మాకోల్ షీటు ఉండాలి. కిటికీ ఎండ తగలని గోడ చూసుకోండి. గులకరాళ్ల మీద కాస్త వెనిగర్ పోయండి. బుసబుసమని నురగ వస్తే అది సున్నపు రాయి, నీళ్లలోకి సున్నం దిగి అవి కఠినజలం అవుతాయి, వద్దు. గవ్వలు, పాలరాతి ముక్కలు కూడా అంతే. మంచి రాళ్లను సబ్బు తగలకుండా, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. ఫిల్టర్ ఏదైనా పెట్టుకోవచ్చు గానీ ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ ఈ చేపలకు మేలు. నీటి తోపు తక్కువ, పైగా కరెంటు పోయినప్పుడు చిన్న బ్యాటరీ పంపుతో కూడా నడుస్తుంది.

2. నీళ్లు

రెండు ఊళ్లలోనూ మున్సిపల్ కుళాయికి వచ్చేది ప్రధానంగా కృష్ణ నీళ్లే. అవి చేపలకు పనికొస్తాయి, క్లోరిన్ తీసేస్తే. వానాకాలంలో నదికి వరద వచ్చి నీళ్లు బురదగా మారినప్పుడు పటిక, క్లోరిన్ మోతాదు పెంచుతారు. ఆ రోజుల్లో మరీ జాగ్రత్త. క్లోరిన్‌కు విరుగుడు హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. 10 గ్రాముల హైపో పలుకులను 100 మి.లీ. నీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకోండి. పది లీటర్ల బకెట్టుకు 1 మి.లీ. చాలు. సిరంజితో కొలవండి, మూతతో ఉజ్జాయింపుగా పోయొద్దు.

బోరు నీళ్లైతే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరుతో చూడండి. గీజరు కాయిల్ మీద తెల్లటి పొర కట్టే నీళ్లు కార్డినల్‌కు, రామిరెజికి పనికిరావు. అలాగని ఒట్టి ఆర్‌ఓ నీళ్లు పోయడం అంతకంటే ప్రమాదం. వాటిలో కార్బొనేట్లు దాదాపు ఉండవు కాబట్టి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణానికి కొలత) ఉన్నట్టుండి పడిపోతుంది, బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది. ఆర్‌ఓ నీళ్లు రెండు పాళ్లు, కుళాయి నీళ్లు ఒక పాలు కలిపి చూసి, టీడీఎస్ 150 అటూ ఇటూ వచ్చేలా సర్దుకోండి. ఈ మిశ్రమం చేపలు వచ్చే ముందు కావాలి. బ్యాక్టీరియా పెంచే వారాల్లో హైపో వేసిన కుళాయి నీళ్లే మేలు.

3. చేప లేకుండానే బ్యాక్టీరియాను పెంచడం

ఓపిక కావాల్సింది ఇక్కడే. బ్యాక్టీరియాకు తిండి అమ్మోనియా, చేప లేదు కాబట్టి మనమే పెట్టాలి. ల్యాబ్ కెమికల్స్ అమ్మేచోట అమ్మోనియం క్లోరైడ్ దొరుకుతుంది. 6 గ్రాములను లీటరు నీళ్లలో కలపండి. ఈ ద్రావణం లీటరు తొట్టె నీటికి 1 మి.లీ. చొప్పున, అంటే మన తొట్టెకు 60 మి.లీ. పోస్తే అమ్మోనియా 2 పీపీఎంకు, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములకు వస్తుంది. అంతకు మించి పోస్తే పని త్వరగా అవుతుందనుకోవద్దు, ఎక్కువైతే బ్యాక్టీరియాకే ఇబ్బంది.

చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్లు అమ్మోనియాకు, నైట్రైట్‌కు, నైట్రేట్‌కు, పీహెచ్‌కు తప్పనిసరి. ఈ ప్రాంతంలో రొయ్యల చెరువులు ఎక్కువ కాబట్టి ఆక్వా మందుల దుకాణాల్లో అమ్మోనియా కిట్లు తేలిగ్గానే దొరుకుతాయి. రెండు రోజులకోసారి చూడండి. మొదటి వారం, పది రోజులు ఏమీ కదలదు. తర్వాత అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. ఈ దశ అందరినీ విసిగిస్తుంది, రెండు మూడు వారాలు నైట్రైట్ దిగనే దిగదు. అమ్మోనియా సున్నాకు వచ్చినప్పుడల్లా సగం మోతాదు, 30 మి.లీ., పోస్తూ ఉండండి. ఒక రోజు హఠాత్తుగా నైట్రైట్ కూడా సున్నా అవుతుంది.

అప్పుడు పరీక్ష: మళ్లీ 60 మి.లీ. పోయండి. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే తొట్టె సిద్ధం. కాకపోతే ఇంకో వారం.

ఎవరి దగ్గరైనా ఆర్నెల్లుగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె ఉంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. ఆ తొట్టె నీళ్లలోనే ముంచి, తడి ఆరకుండా గంటలోపు తెచ్చి మీ ఫిల్టర్ పక్కన పెడితే ఈ వారాలు బాగా తగ్గుతాయి. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా ద్రావణం కంటే ఇది నమ్మకం.

మధ్యలో నీళ్లు పాలలా తెల్లబడితే కంగారుపడి మొత్తం ఒంపేయకండి. అది వేరే బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం, కొద్ది రోజుల్లో అదే తేటపడుతుంది. తొట్టె సిద్ధమయ్యాక నాలుగింట మూడొంతుల నీళ్లు తీసి, ముందు చెప్పిన ఆర్‌ఓ మిశ్రమం నింపండి. నైట్రేట్ 20 పీపీఎం లోపు ఉండాలి.

4. చేపలు కొనడం, తేవడం

మన దుకాణాలకు రంగు చేపలు ఎక్కువగా చెన్నై వైపు నుంచి, ముఖ్యంగా కొళత్తూరు సంత నుంచి వస్తాయి. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన రోజే వాటిని కొనొద్దు. లోడు ఎప్పుడొచ్చిందో అడిగి, కనీసం వారం అయ్యాక తీసుకోండి. రెక్కలు ఒంటికి అంటించుకున్నవి, పొట్ట లోపలికి పోయినవి, ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలున్నవి వద్దు. అదే తొట్టెలో ఒక్క చేపకు చుక్కలున్నా మిగతావాటినీ వదిలేయండి. కాస్త మేత వేయమని అడగండి, మేతకు రాని చేపను కొనొద్దు.

ఎండాకాలంలో పొద్దువాలాక కొనండి. సంచిని బండి హ్యాండిల్‌కు తగిలించుకుని బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడితే అందులోని నీళ్లు ఇంటికి చేరేలోపే వేడెక్కుతాయి. చిన్న థర్మాకోల్ పెట్టె పట్టుకెళ్లండి.

5. తొట్టెలోకి దించడం

రొయ్య సీడు వదిలే ముందు రైతులు సంచులను చెరువు నీళ్ల మీద తేలేస్తారు కదా, ఇక్కడా అదే పద్ధతి. లైటు ఆర్పి, మూసిన సంచిని 20 నిమిషాలు తొట్టెలో తేలనివ్వండి. తర్వాత చేపలను సంచి నీళ్లతో సహా చిన్న బకెట్టులోకి ఒంపండి. మందుల షాపులో దొరికే కొత్త సెలైన్ గొట్టం ఒక చివర తొట్టెలో ముంచి, రెండో చివర బకెట్టులోకి వదలండి. చక్రాన్ని సర్ది సెకనుకు మూడు చుక్కలు పడేలా చూస్తే గంటకు సుమారు అర లీటరు దిగుతుంది. సంచి నీళ్లకు రెట్టింపు అయ్యాక చేపలను వలతో మెల్లగా తొట్టెలోకి మార్చండి. బకెట్టు నీళ్లు తొట్టెలో పోయొద్దు.

దూరం నుంచి పార్శిల్‌లో వచ్చిన చేపలకు మాత్రం ఈ గంట పద్ధతి హానికరం. మూసిన సంచిలో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గి, అమ్మోనియా విషం నిద్రాణంగా ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ ఎక్కుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. 30 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో నూటికి ఒక పాలు లోపే విషం, పీహెచ్ 8 అయితే ఏడు పాళ్ల పైనే. అందుకే అలాంటి సంచులను మూసే ఉంచి వేడి సమానం చేసి, విప్పిన వెంటనే చేపలను తొట్టెలోకి మార్చేయాలి. తొట్టె టీడీఎస్‌ను పంపేవాళ్ల నీళ్లకు దగ్గరగా ముందే సర్దిపెట్టుకోండి.

మొదట ఆరు కార్డినల్స్ చాలు. రెండు వారాల తర్వాత ఇంకో ఆరు.

6. మొదటి రెండు వారాలు

మొదటి రోజు మేత వద్దు. తర్వాత రోజుకొకసారి, నిమిషంలో తినేసేంత. అడుగుకు చేరిన మేతను గొట్టంతో లాగేయండి. రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూడండి. అమ్మోనియా 0.25 కనిపిస్తే మూడో వంతు నీళ్లు మార్చి, మేత ఆపండి. నైట్రైట్ కనిపిస్తే నీళ్లు మార్చడంతోపాటు 60 లీటర్లకు 6 గ్రాముల కల్లుప్పు కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి పోనివ్వదు.

పొద్దున లైటు వేసిన కొద్ది నిమిషాలు టెట్రాల నీలి గీత పాలిపోయి కనిపిస్తుంది. అది నిద్ర రంగు, భయపడక్కర్లేదు. అరగంటైనా గీత మెరవకపోతే, లేదా చేపలు పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటే కిట్ తీయండి. రమ్మీనోస్ టెట్రా ఇంకా స్పష్టంగా చెబుతుంది. నీళ్లు పాడైతే దాని ముక్కు ఎరుపు వెలిసిపోతుంది.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగడం వల్ల ఎన్ని తొట్టెలు కూలిపోయాయో లెక్కలేదు. క్లోరిన్ తగిలితే వారాల కష్టం నిమిషంలో పోతుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండండి, అదీ నెలకోసారి.

వేడి, కరెంటు, దోమల మందు

నీళ్లు 30 దాటితే మూత తీసి, పైన నెట్ కప్పి, చిన్న ఫ్యాను నీటి మీదికి తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, ఉక్కపోత రోజున అంత తగ్గదు. ఆవిరైనంత మేర ఆర్‌ఓ నీళ్లు మాత్రమే నింపండి, లవణాలు తొట్టెలోనే ఉంటాయి గనుక. అత్యవసరమైతే గడ్డకట్టించిన అర లీటరు సీసా వేయండి. మన తొట్టెలో ఒక డిగ్రీ దిగుతుంది, అంతకంటే ఒకేసారి దింపొద్దు. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి పంపు రాత్రి కూడా ఆపకూడదు. కరెంటు కోతలకు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి పక్కనే ఉండాలి.

దోమల స్ప్రేలు, కాయిల్స్, లిక్విడ్ మెషిన్లలో ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకు చాలా ప్రమాదకరం. ఎయిర్ పంపు గది గాలినే లాగి నీళ్లలోకి తోస్తుంది. తొట్టె ఉన్న గదిలో వాటిని వాడకండి. మునిసిపాలిటీ వాళ్లు ఫాగింగ్ చేస్తుంటే కిటికీలు మూసి, పొగ పోయేదాకా పంపు ఆపి, తొట్టె మీద తడిగుడ్డ కప్పండి. పొగ పోగానే గుడ్డ తీసి పంపు మళ్లీ వేయడం మరిచిపోకండి.